స్టూడియో సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎన్‌వీడీఏ "బటన్, బటన్, బటన్" అంటోంది, ఎవరైనా దారి చెప్పండి

జముకు_చప్పుడు
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నాకు పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ ఎన్‌వీడీఏతో (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వాడతాను, మెయిళ్లు, ఎక్సెల్, టైపింగ్ అన్నీ ఇబ్బంది లేకుండా చేసుకుంటాను. మా చిన్నాన్న వాళ్ల జట్టు జముకు వాయిస్తూ జముకుల కథ చెబుతారు. మొన్న పండక్కి ఒక రాత్రి చెప్పిన కథంతా 3 మైకులతో రికార్డు చేశాం, 2 గంటల 40 నిమిషాలు వచ్చింది. దాన్ని నేనే ఎడిట్ చేస్తానని పెద్ద మాట అనేశాను.

ఎడిటింగ్ నేర్చుకుందామని ఒక స్టూడియోకి వెళ్లాను. వాళ్లు మంచివాళ్లే, కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారు. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ తెరిచి ట్యాబ్ కొడితే ఎన్‌వీడీఏ "బటన్" అంది. మళ్లీ కొడితే "బటన్". పదిహేనుసార్లు కొట్టినా అంతే, ఆ తర్వాత అసలు ఏమీ అనలేదు. ఏది ప్లే, ఏది రికార్డు, ఏది డిలీట్ అనేది తెలియదు. ఒకటి నొక్కి చూశాను, స్టూడియో అబ్బాయి "అయ్యో అది కాదు" అన్నాడు. ఆ తర్వాత నేను ఇంకేదీ నొక్కలేదు.

చూపులేనివాళ్లు ప్రొఫెషనల్‌గా ఆడియో ఎడిటింగ్ చేయడం అసలు కుదురుతుందా? కుదిరితే దేంతో?

మూడు_లాంతర్లు
తమ్ముడూ, విజయనగరంలో 18 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను, ఉన్నమాట చెబుతాను, ఏమీ అనుకోకు. ఎడిటింగ్ అంటే సగం పని వేవ్‌ఫామ్, అంటే శబ్దం గీత, చూసి చేసేదే. ఎక్కడ ఊపిరి తీశాడు, ఎక్కడ మైకు తగిలింది, అన్నీ తెర మీద గీతల్లో కనిపిస్తాయి. నేను జూమ్ చేసి మౌస్‌తో కోస్తాను. అది చూడకుండా 2 గంటల 40 నిమిషాలు కోయాలంటే చాలా కష్టం. నీకు మంచి చెవి ఉంటే మిక్సింగ్ దగ్గర పక్కన కూర్చుని చెప్పు, మౌస్ పట్టుకోవడానికి ఇంకొకరిని పెట్టుకో.

బొబ్బిలి_తీగ
అన్నయ్యా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మౌస్ పట్టుకోవడానికి నేను ఎవరినీ పెట్టుకోలేదు. నాకూ చూపు లేదు. 7 ఏళ్లుగా ఇదే పని. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర్నుంచి కచేరీల దాకా రికార్డింగులు ఎడిట్ చేసి ఇస్తున్నాను, తీసుకున్నవాళ్లెవరూ ఇది చూసి కోశావా, విని కోశావా అని అడగలేదు.

జముకూ, నువ్వు వాడాల్సింది రీపర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. దానికి తోడు ఒసారా అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే మొదలుపెట్టారు కదా, ఇద్దరూ చూపులేనివాళ్లే. ఆ జేమ్స్ టేనే ఒసారా కూడా మొదలుపెట్టాడు. పైసా ఇవ్వక్కర్లేదు, ఓపెన్ సోర్స్. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటివాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. మిగతావాటితో పోలిస్తే ఇది మన చేతికి అందే ధరే.

ఒసారా వేశాక ముందు ఎఫ్12 నొక్కు. అది షార్ట్‌కట్ హెల్ప్. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఏ కీ నొక్కినా ఆ కీ ఏం చేస్తుందో చెబుతుంది గానీ ఆ పని చేయదు. నేను మొదటి వారం రోజులూ అదే పని, ఒక్కో కీ నొక్కుకుంటూ కూర్చున్నాను. స్టూడియోలో "అయ్యో అది కాదు" అనే అబ్బాయి అక్కర్లేదు.

ఆమదాలవలస_లోకల్
మ్యాక్ ఉంటే లాజిక్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా మ్యాక్ సొంత స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌తో నడుస్తుంది. ప్రో టూల్స్ కూడా. ప్రో టూల్స్ విషయంలో న్యూయార్క్‌లో స్లౌ హలాటిన్ అనే చూపులేని ప్రొడ్యూసర్ ఏళ్ల తరబడి కంపెనీ వెంటపడ్డాడు, ఆ పట్టుదల వల్లే అది మనవాళ్ల చేతికి తిరిగి వచ్చింది. దాని మీద ఫ్లో టూల్స్ అని మ్యాక్రోల (ఒక్క కీతో చాలా పనులు చేయించేవి) మూట కూడా ఉంది. ఏబుల్టన్ లైవ్ అయితే 12వ వెర్షన్ దాకా మనల్ని పట్టించుకోలేదు, 2024లో ఆ వెర్షన్‌తో స్క్రీన్ రీడర్ సపోర్ట్ పెట్టారు. కాకపోతే మ్యాక్ కొనాలంటే చిన్నాన్నగారి పొలం గట్టు అమ్మాలేమో.

జముకు_చప్పుడు
గట్టు అమ్మితే చిన్నాన్న నన్ను అమ్మేస్తాడు :) మాది పాత విండోస్ ల్యాప్‌టాప్, రీపర్‌తోనే మొదలుపెడతాను. తీగ అన్నా, ఒక్క డౌటు. రీపర్ మనతో మాట్లాడుతోంది, స్టూడియోలో ఉన్నది ఎందుకు మాట్లాడలేదు? రెండూ తెర మీద బటన్లే కదా.

టెక్కలి_కోడ్
ఇది నేను చెబుతాను. మాది టెక్కలి, ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం, ఖాళీ దొరికితే ఆడియో ప్లగిన్లు, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, రాస్తుంటాను. నాకు చూపు ఉంది, కాబట్టి ఈ తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

స్క్రీన్ రీడర్ తెర మీది బొమ్మని చూడదు తమ్ముడూ. విండోస్‌ని అడుగుతుంది: ఇక్కడ ఏముంది, దాని పేరేంటి, అది బటనా స్లైడరా, ఇప్పుడు ఎంత మీద ఉంది అని. విండోస్ వాళ్ల మామూలు బటన్ పెడితే ఈ జవాబులన్నీ దానంతట అదే ఇస్తుంది. ఆడియో సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అందరికీ అందమైన నాబ్‌లు కావాలి, పాత ఇత్తడి మిషన్‌లా మెరవాలి. అందుకని విండో మొత్తాన్ని ఖాళీ గోడలా తీసుకుని దాని మీద మేమే బొమ్మలు గీసేస్తాం. చూసేవాడికి 40 నాబ్‌లు కనిపిస్తాయి, విండోస్‌కి మాత్రం ఒక ఖాళీ గోడే తెలుసు. ఎన్‌వీడీఏ అడిగితే అది చెప్పేది కూడా అదే. నీకు "బటన్" అన్న మాటైనా వినిపించిందంటే ఎవరో అక్కడిదాకా వచ్చి, పేరు పెట్టకుండా వెళ్లిపోయారన్నమాట.

రీపర్‌లో చాలా భాగం విండోస్ మామూలు మెనూలు, డైలాగులే. అంతకన్నా ముఖ్యం, అది తన లోపలి సంగతులన్నీ బయటి ఎక్స్‌టెన్షన్ అడగడానికి వీలు పెట్టింది. ఏ ట్రాక్ మీద ఉన్నావు, కర్సర్ ఎక్కడుంది, క్లిప్ ఎంత పొడవు, అన్నీ ఒసారా నేరుగా రీపర్‌నే అడిగి ఎన్‌వీడీఏ చేత చెప్పిస్తుంది. బొమ్మతో పనే లేదు.

మూడు_లాంతర్లు
సరే, బటన్ల సంగతి అర్థమైంది. మరి వేవ్‌ఫామ్ చూడకుండా కోయడం ఎలా? నిజంగానే అడుగుతున్నాను, వెటకారం కాదు.

బొబ్బిలి_తీగ
అడగండన్నయ్యా, చెబుతాను. మీరు గీత చూసి ఇక్కడ దెబ్బ పడింది అనుకుంటారు, నేను విని అనుకుంటాను, తేడా అంతే. మొన్న ఒక వీణ రికార్డింగ్‌లో పల్లవి మధ్య కుర్చీ కిర్రుమంది. స్పేస్ కొట్టి వింటున్నాను, కిర్రు వినబడగానే ఆపాను. కర్సర్‌ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుకుంటూ ప్రతి అడుగుకీ ఒకసారి విన్నాను, కిర్రుకి సరిగ్గా ముందు నిశ్శబ్దం దొరికింది. అక్కడ ఎస్ కొట్టాను, క్లిప్ రెండు ముక్కలైంది. ముందుకి జరిపి కిర్రు అయిపోయిన చోట మళ్లీ ఎస్. మధ్య ముక్క తీసేసి, అదే పల్లవి రెండోసారి వాయించిన చోట నుంచి అంత ముక్కే తెచ్చి పెట్టాను. ఇంతకీ 4 నిమిషాలు పట్టింది.

ఇంకోటి, మీటు పడిన చోటి నుంచి మీటు పడిన చోటికి దూకే కమాండ్ ఉంది, ట్రాన్సియెంట్ అంటారు. వీణకి, జముకుకి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే తీగ మీటగానే శబ్దం ఒక్కసారి లేస్తుంది. గొంతుకి అంత నమ్మకంగా పనిచేయదు, మెల్లగా లేచే మాటలు దానికి దొరకవు. లెవెల్ దాటి పగిలిపోతోందా అనేదానికి ఒసారాలో పీక్ వాచర్ ఉంది, హద్దు పెట్టుకుంటే దాటగానే చెబుతుంది, మీరు ఎర్ర లైటు చూసినట్టు.

పెద్దచెరువు_గాలి
పిల్లలూ, నేను రిటైరైన సంగీతం టీచర్ని, మీరు రాసేదాంట్లో సగం అర్థం కాలేదు, అయినా చదువుతున్నాను. మా విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే మహారాజావారు ఆ పాఠశాల పెట్టారని మా ఊళ్లో చెప్పుకుంటారు. అక్కడే వయొలిన్ చెప్పి తర్వాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు సరిగా ఆనేది కాదు. ఆయన వాయించేటప్పుడు ఎవరూ వేవ్‌ఫామ్ చూపించలేదు మరి. మూడు లాంతర్ల బాబూ, కోపం తెచ్చుకోకు.

మూడు_లాంతర్లు
మాస్టారూ, మీ మీద కోపమా! మాది కోట వెనకాలే, రేపు వచ్చి కాళ్లకి దండం పెడతాను. తీగ చెప్పిన 4 నిమిషాల సంగతి చదివాక రాత్రి నేనూ తెర ఆపేసి ప్రయత్నించాను. 20 నిమిషాలు పట్టింది, కోసింది కూడా తప్పు చోట. పైన రాసిన మొదటి ముక్క వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడురోడ్లు_బాబాయ్
అసలు ఇవన్నీ బతిమాలడాలు ఎందుకు? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. పేరు లేని బటన్ పెట్టినవాడికి నోటీసు ఇవ్వండి, దెబ్బకి దిగొస్తాడు.

టెక్కలి_కోడ్
బాబాయ్, ఆ తీర్పు గొప్పదే, కానీ అది బ్యాంకు కేవైసీ గొడవ మీద వచ్చింది. ప్లగిన్ రాసేవాడు ఏ దేశంలోనో ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు, నోటీసు వస్తే ప్రోగ్రామే మూసేస్తాడు. చట్టం వద్దని కాదు, ప్రభుత్వ కాలేజీలు, రేడియోలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు స్క్రీన్ రీడర్‌తో నడుస్తుందా అని అడిగితే పెద్ద కంపెనీలు వింటాయి, అక్కడ దాని బలం పనికొస్తుంది. మనకి ఈ వారంలో పని జరగాలంటే మంచి బగ్ రిపోర్ట్ కావాలి.

నాకు వచ్చిన మెయిల్ సంగతి చెబుతాను. నా మొదటి ఈక్యూ (బాస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే) ప్లగిన్ పెట్టిన నెలకి ఒకరు రాశారు, "మీ ప్లగిన్ విండోలో ట్యాబ్ కొడితే స్లైడర్ 0.63719 అంటుంది, ఏ స్లైడరో చెప్పదు, 0.63719 అంటే ఎన్ని డెసిబెల్సో చెప్పదు" అని. కింద ఎన్‌వీడీఏ వెర్షన్, రీపర్ వెర్షన్, ఏ కీ తర్వాత ఏ కీ నొక్కారో రాశారు. తిట్టలేదు. నాకు సిగ్గేసింది. నేను వాడే జ్యూస్ అనే లైబ్రరీలో 2021లో వచ్చిన 6.1 నుంచి స్క్రీన్ రీడర్ సదుపాయం ఉంది, నేనే వాడుకోలేదు. ప్రతి నాబ్‌కి పేరు పెట్టడం, విలువని "మైనస్ 4.2 డెసిబెల్స్" అని చెప్పించడం, ట్యాబ్ వరస సరిచేయడం, మొత్తం రెండు సాయంత్రాల పని.

అన్నీ అలా రెండు సాయంత్రాల్లో అయిపోవు, అది కూడా చెప్పాలి. ఈక్యూలో గ్రాఫ్ మీద చుక్కలు పట్టుకుని లాగే భాగం ఉంటుంది చూశారూ, దాన్ని ఎలా వినిపించాలో నాకు తోచలేదు. గ్రాఫ్‌ని మాట్లాడించాలని నెల రోజులు కుస్తీ పట్టాను. చివరికి మొదట రాసినవారినే అడిగితే "గ్రాఫ్ ఎవరడిగారమ్మా, బ్యాండ్‌లు ఒక లిస్టులో పెట్టి ఫ్రీక్వెన్సీ, గెయిన్, వెడల్పు ఇస్తే చాలు" అన్నారు. ముందే అడగాల్సింది.

బొబ్బిలి_తీగ
కోడ్ అక్కా, ఆ మెయిల్ నాది కాదు గానీ నేనూ అలాంటివి ఓ ఇరవై రాసి ఉంటాను. జముకూ, ప్లగిన్ మొహం మాట్లాడకపోయినా కంగారు పడకు. ప్లగిన్ తన పారామీటర్ల, అంటే మార్చుకునే సెట్టింగుల, పేర్లు రీపర్‌కి విడిగా ఇస్తుంది, ఒసారా వాటిని ఒక లిస్టులో పెట్టి చదివిస్తుంది, బాణం కీలతో మార్చుకోవచ్చు. చిక్కేమిటంటే కొన్నిట్లో పేర్లు "పారామ్ 1, పారామ్ 2" అని ఉంటాయి. ఆ లిస్టులోకి రానివీ ఉంటాయి, ప్రీసెట్ తెరిచే బటన్, లైసెన్స్ నంబర్ కొట్టే విండో లాంటివి. డబ్బు కట్టి కొన్నాక లైసెన్స్ విండో దగ్గరే ఆగిపోవడం నాకు మూడుసార్లు జరిగింది. కొనే ముందు ట్రయల్ వేసుకో, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

జముకు_చప్పుడు
రీపర్, ఒసారా వేశాను. ఎఫ్12 అదిరింది అన్నా. కానీ వెంటనే ఇంకో దెబ్బ. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులు తగిలించే సౌండ్ పెట్టె) అరువు తెచ్చి తగిలించి, రీపర్‌లో దాని ఏసియో డ్రైవర్ పెట్టగానే ఎన్‌వీడీఏ గొంతు ఆగిపోయింది. చచ్చిపోయిందేమో అనుకున్నా. తెర మీద ఏముందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు, అమ్మ సంతకెళ్లింది. కరెంటు తీసి మళ్లీ పెట్టాను, అప్పుడు మాట్లాడింది. ఏటిది?

బొబ్బిలి_తీగ
హహ, ఇది అందరికీ ఒకసారి అవ్వాల్సిందే. ఎన్‌వీడీఏ, రీపర్ రెండూ ఒకే ఇంటర్‌ఫేస్ మీద ఉన్నాయి, ఏసియో డ్రైవర్ ఆ ఇంటర్‌ఫేస్‌ని మొత్తం తనకే పట్టేసుకుంది, గొంతుకి చోటు లేకుండా పోయింది. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో ఆడియో దగ్గర అవుట్‌పుట్‌ని ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌కి మార్చు. రీపర్‌ని ఇంటర్‌ఫేస్‌కి వదిలెయ్.

అలా విడదీస్తే ఇంకో లాభం. నేను ఎడమ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌తో ఎన్‌వీడీఏ వింటాను, దాని మీద పెద్ద హెడ్‌ఫోన్ కొంచెం పక్కకి జరిపి పెట్టుకుని పాట వింటాను. మిక్స్ చేసేటప్పుడు ఎన్‌వీడీఏ మాట పాట మీద పడితే ఏ బాస్ ఎంతుందో తెలియదు. కాబట్టి మార్చు, కంట్రోల్ కీ కొట్టి ఎన్‌వీడీఏ నోరు మూయించు, అప్పుడు విను. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లు అదృష్టవంతులు, వాళ్లకి అది వేలి కింద చెబుతుంది, చెవి ఖాళీగా ఉంటుంది. వాటి ధర మాత్రం అడక్కు.

జముకు_చప్పుడు
(9 రోజుల తర్వాత)
సారీ, ఆలస్యమైంది. మొదటి గంట కోశాను. రెండో నిమిషంలో ఆర్టీసీ బస్సు హారన్ కొట్టాడు, సరిగ్గా చిన్నాన్న ఊపిరి తీసే చోట, అది తీసేశాను. గర్వంగా వింటుంటే ఆ తర్వాత మొత్తం చిన్నాన్న రెండుసార్లు మాట్లాడుతున్నాడు! బావిలోంచి కథ చెప్పినట్టు ఉంది. గంటసేపు ఎకో ప్లగిన్ ఎక్కడ పెట్టానా అని వెతికాను, ఎక్కడా లేదు.

బొబ్బిలి_తీగ
రిపుల్ ఎడిటింగ్ (ముక్క తీస్తే వెనకున్నది ముందుకి జరిగేది) ఆన్‌లో పెట్టావు కదూ? ఆల్ట్ పీ ఎన్నిసార్లు కొట్టావు?

జముకు_చప్పుడు
ఒక్కసారి.

బొబ్బిలి_తీగ
అదే మరి. ఒక్కసారి కొడితే ఆ ట్రాక్ ఒక్కటే ముందుకి జరుగుతుంది, రెండోసారి కొడితే అన్ని ట్రాకులూ కలిసి జరుగుతాయి. నువ్వు హారన్ తీసేసరికి చిన్నాన్న మైకు ముక్కాలు సెకనో ఎంతో ముందుకొచ్చింది, మిగతా రెండు మైకుల్లో కూడా ఆయన గొంతు పడింది కదా, అది పాత చోటే ఉండిపోయింది. అందుకే ఇద్దరు చిన్నాన్నలు. కొట్టినప్పుడు ఒసారా ఏ మోడ్‌లోకి వెళ్లిందో చెప్పే ఉంటుంది, మనమే వినం. అన్‌డూ చేసుకుంటూ వెనక్కి వెళ్లు, అన్‌డూ చేసినప్పుడు ఏది వెనక్కి తీసిందో కూడా చెబుతుంది.

మూడు_లాంతర్లు
తమ్ముడూ, దీనికి మాత్రం చూపు లేకపోవడం కారణం కాదు. పోయినేడాది పెళ్లి బ్యాండ్ రికార్డింగ్‌లో నేనూ ఇలాగే రిపుల్ మర్చిపోయి సన్నాయిని డోలుకి ముందు పంపేశాను. కళ్లు రెండూ బాగానే ఉన్నాయి, పెళ్లివారు ఫోన్ చేసేదాకా తెలియలేదు. ఇంకోమాట, మా స్టూడియోలో ఉన్న ఒక కంప్యూటర్లో రీపర్, ఒసారా, ఎన్‌వీడీఏ వేయించాను. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ట్రాక్ పేర్లు తెలుగులో పెట్టేస్తే పర్లేదా?

బొబ్బిలి_తీగ
అన్నయ్యా, పెద్ద మాట, థ్యాంక్స్. తెలుగు పేర్లకి ఎన్‌వీడీఏలో ఈస్పీక్ తెలుగు గొంతు ఉంది, కాస్త రోబోలా ఉన్నా అర్థమవుతుంది. ఇంగ్లీషు గొంతు పెట్టుకుంటే తెలుగు అక్షరాలు సరిగా పలకదు. నేనైతే ట్రాక్ పేరు ముందు అంకె పెడతాను, ఏ గొంతైనా అంకె చదువుతుంది. పేరు లేకుండా మాత్రం వదలకండి, 24 ట్రాకుల ప్రాజెక్టులో అన్నీ "ట్రాక్" అని వినిపిస్తే మేం మళ్లీ బటన్, బటన్ దగ్గరికే వచ్చినట్టు.

టెక్కలి_కోడ్
జముకు తమ్ముడూ, స్టూడియోలో మాట్లాడని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా రాయి. ఇంగ్లీషు నేను చూసి పెడతాను. "మీది పనిచేయడం లేదు" అని రాయకు, దానికి జవాబు రాదు. ప్లే బటన్ మీద ఏమంది, ఏమనాలి, ఏ వెర్షన్, అంతే రాయి. ఒక మెయిల్లో ఒకే విషయం. మొదట ప్లే, రికార్డు లాంటి ట్రాన్స్‌పోర్ట్ బటన్లు ఐదింటికి పేర్లు అడుగు, మిగతావి తర్వాత.

జముకు_చప్పుడు
రాశాను అక్కా, నీకు పంపాను, చూడు. ఐదు బటన్లని రాద్దామని లెక్కపెడితే ఏడు వచ్చాయి, ఆ రెండూ ఏమిటో స్టూడియో అబ్బాయిని అడిగాను, వాడికీ తెలియదట.

ఇద్దరు చిన్నాన్నలు మళ్లీ ఒక్కడయ్యాడు. ఆల్ట్ పీ రెండుసార్లు. పెద్దచెరువు మాస్టారూ, మీకు మొదటి 10 నిమిషాలు పంపాను, 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర వినండి, బస్సు ఉన్నట్టు అనిపిస్తోందా?

పెద్దచెరువు_గాలి
విన్నాను నాయనా, హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు. బస్సు లేదు. 6వ నిమిషంలో మాత్రం ఎవరిదో కోడి కూసింది, అది తీయకు.